నీళ్లడగని కంచె

ఇకపై ప్రభుత్వ కార్యాలయాల కంచెమొక్కలు ఎవరి సేవా లేకుండా, స్వశక్తితో పెరుగుతాయని మా మంత్రిగారు నిండుసభలో ప్రకటించారు. ముందుగా చప్పట్లు కొట్టింది నేను. ఆ ప్రసంగం రాసింది కూడా నేనే కనక అది నా ధర్మం.

ఏ మొక్క పెట్టాలో తేల్చే నివేదిక కూడా నాకే అప్పగించారు. నాకు మొక్కకీ కలుపుకీ తేడా తెలీదు. అందుకని మా ఆఫీసు తోటమాలిని అడిగాను. ఆయన గన్నేరు పెట్టమన్నాడు. మేకలు ముట్టవట, ఎండకు జంకదట, ఏడాదికోసారి పూత అయ్యాక కత్తిరిస్తే చాలట. అయితే వేరు పట్టేదాకా, మొదటి ఏడాది మాత్రం నీళ్లు పోస్తూ ఉండాలట. అంతా పూసగుచ్చినట్టు రాసి పట్టుకెళ్లాను. మంత్రిగారు చివరి వాక్యం మీద వేలు పెట్టారు.

“ఇదెందుకయ్యా?”

“తీసేస్తానండి.”

తీసేశాను. దాంతోపాటు తోటమాలి ఉద్యోగమూ పోయింది. సేవ అక్కర్లేని మొక్కకు సేవకుడెందుకని ఆర్డరు. అందులో భాష బాగుందని పదిమందీ మెచ్చుకున్నారు. అదీ నాదే.

మా ఆఫీసు చుట్టూ గన్నేరు నాటించాం. నెల తిరక్కుండా కంచె వాడి వేలాడింది. ఇంతలో మంత్రిగారు మూడు నెలల్లో తనిఖీకి వస్తారని కబురు. తన కుర్చీ మీదికొస్తే ఎవరికైనా వృక్షప్రేమ పుడుతుంది. రోజూ పొద్దున్నే వెళ్లి బకెట్లు మోశాను. నడుం పట్టేసింది. ఇంట్లో ఒక్కనాడు మంచినీళ్ల గ్లాసు కడగని మనిషి దేశానికి నీళ్లు పోస్తున్నాడని, మా ఆవిడ మందు రాస్తూ మురిసిపోయింది.

ఒకరోజు తోటమాలి గేటు దగ్గర నిలబడి కనిపించాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆయన తిట్టలేదు. ఇంకా ఎక్కడా పని దొరకలేదని చెప్పి, నా చేతిలో బకెట్ తీసుకున్నాడు.

“ఆకుల మీద కాదు సార్, మొదట్లో పొయ్యాలి.”

ఆ వరసంతా ఆయనే తడిపాడు. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. జీతం లేదు కదా అని మొహమాటానికైనా నేను వద్దనలేదు. నా నడుం కుదుటపడింది.

తనిఖీ నాటికి కంచె నిండా గులాబీ రంగు పూలు. మంత్రిగారు పరవశించిపోయి, నిజంగానే ఎవరూ ముట్టుకోలేదా అని అడిగారు. తోటమాలి గేటవతలే ఉన్నాడు. నేను అటు చూడలేదు.

“ఎవరూ ముట్టుకోలేదండి.”

మంత్రిగారు నా భుజం తట్టారు.

“ఈ పద్ధతే ఆస్పత్రుల్లో పెడదాం. నర్సులు లేకుండా. నివేదిక నువ్వే రాయి.”

సాయంత్రంలోగా రాసిచ్చాను. నా శైలి అప్పటికి బాగా కుదురుకుంది.