రీలులో కాలిపోయిన అన్నయ్య

ఆదివారం పొద్దున్నే ఇల్లు తుడుచుకుని, టీ తాగి, నాన్న వదిలివెళ్లిన ప్రొజెక్టర్‌ని బాగుచేయాలనుకుంది టైపు టీచరమ్మ. రిటైరయ్యాక ఆదివారానికీ సోమవారానికీ తేడా చెప్పే మనిషి ఆ ఇంట్లో లేడు. ఉన్న ఒక్క అన్నయ్య అదే ఊళ్లో ఉన్నా మాటల్లేవు. నాన్న పోయాక ప్రొజెక్టర్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని అతనన్నాడు. ఆమె లాక్కుని తన ఇంటికి తెచ్చేసుకుంది. ఆ రోజు ఇద్దరూ అనకూడని మాటలు అనుకున్నారు. తర్వాత ఆ పెట్టె మూత తీయడానికి ఆమెకు మనసొప్పలేదు.

రేడియో మెకానిక్ ఫోనులో ముందే హెచ్చరించాడు. "వైరు చూసుకోకుండా ప్లగ్గు పెట్టకండమ్మా. రీలు ఎక్కించకుండా ఉత్తినే తిప్పి చూడండి."

అన్నీ చెప్పినట్టే చేసింది. పగుళ్లిచ్చిన వైరును నిన్ననే మార్పించింది. జిగురులా కరిగిపోయిన రబ్బరు బెల్టును గీకేసి కొత్తది తొడిగింది. ఉత్తి మిషను కాసేపు తిప్పింది. కాలిన వాసన రాలేదు. అప్పుడు కిటికీలు మూసి, చిన్నప్పుడు నాన్న తీసిన రీలు ఎక్కించింది.

గోడ మీద నిక్కరు వేసుకున్న అన్నయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. వెనకాలే పరిగెడుతూ రెండు జడల తను. అన్నయ్య వెనక్కి తిరిగి నవ్వబోతూ, అలాగే ఆగిపోయాడు. అతని మొహం మధ్యలో గోధుమరంగు మచ్చ లేచి, బుడగలా పొంగి, చిల్లు పడింది.

టీచరమ్మ ప్లగ్గు పీకేసి, వరండాలోకి పరిగెత్తి మెకానిక్‌కి ఫోను చేసింది. "అన్నయ్య కాలిపోయాడండీ! నా కళ్లముందే! మొహం అసలు మిగల్లేదు. చేతులారా నేనే చేసుకున్నాను!"

కింద బట్టలారేస్తున్న కింది వాటావిడ చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

ఆవిడ మెట్లెక్కి వచ్చేలోగా సగం మేడకి విషయం తెలిసిపోయింది. లోపలి గదిలో పొగ వాసన, టీచరమ్మకి ఎర్రబడ్డ కళ్లు. ఇంకేం కావాలి? ఆ గదిలోకి తొంగిచూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఎలా జరిగిందండీ?"

"బల్బు వేడికి..."

"అయ్యో, కరెంటా!"

"అది కాదండీ, రీలు ఆగిపోయి..."

"మాట్లాడకండి. ఏడ్చేయండి. లోపల పెట్టుకోకూడదు," అంటూ ఆవిడ టీచరమ్మ చెయ్యి పట్టుకుంది.

బట్టల తడి ఆరని చెయ్యి. ఒక మనిషి తన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో టీచరమ్మకి గుర్తు రాలేదు. ఒక్క నిమిషం ఆగి చెబుదామనుకుంది. ఆ నిమిషంలో ఎదురింటి నుంచి కుర్చీలొచ్చాయి. సగం గడ్డం గీసుకున్నాయన సబ్బు నురగతోనే వచ్చాడు. ఎవరో ఫ్లాస్కుతో టీ తెచ్చారు. ఇంతలో ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది. ఇక చెప్పినా నమ్మేదెవరు?

కింది వాటావిడ బల్ల మీది ఫోను తీసి, "వదిన" అన్న నంబరు వెతికి నొక్కింది. "టీచరమ్మగారింటికి వెంటనే వచ్చేయండి. ఘోరం జరిగిపోయింది," అని, ఎవరెత్తారో కూడా వినకుండా పెట్టేసింది. అవతల ఫోనెత్తింది అన్నయ్య.

ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి భార్య చెప్పు వేసుకుని వచ్చాడతను. గుమ్మం దగ్గర జనం, కుర్చీలు. "చెల్లాయ్!" అని అరుస్తూ అందర్నీ తోసుకుంటూ లోపలికొచ్చి, కుర్చీలో కూర్చున్న చెల్లెల్ని చూసి నేల మీద కూలబడ్డాడు.

"ఈయనెవరండీ?" అంది కింది వాటావిడ.

"మా అన్నయ్య."

"ఇంకో అన్నయ్యా?"

"ఉన్నది ఒక్కడేనండీ."

ముందుగా సబ్బు నురగాయన లేచాడు. "మొదటే చెప్పొచ్చు కదండీ!" అని సణుక్కుంటూ కుర్చీలవాళ్లు కుర్చీలు పట్టుకుపోయారు. ఫ్లాస్కూ వెళ్లిపోయింది. చావుకని వచ్చినవాళ్లలో, మనిషి బతికున్నాడని తెలిశాక కూర్చున్నవాళ్లు లేరు. చివరికి కింది వాటావిడ కూడా దుప్పటి గుర్తొచ్చి చెయ్యి వదిలేసింది.

అన్నాచెల్లెళ్లు మిగిలారు. అతను చొక్కాతో మొహం తుడుచుకుని ప్రొజెక్టర్ దగ్గరికి నడిచాడు.

"ఇక్కడ ఫిల్మ్ కాస్త వదులుగా ఉండాలి. బిగించేశావు."

"నాకేం తెలుసు? చెప్పేవాళ్లెవరున్నారు?"

అతను కత్తెర అడిగి, కాలిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ ఓపిగ్గా అతికించాడు.

మర్నాడు పొద్దున్న వరండా తీగ మీద మగవాళ్ల చొక్కా ఆరుతుండడం చూసి కింది వాటావిడ ఉండబట్టలేకపోయింది. "మీ అన్నయ్యగారు ఇంకా పోలేదా అండీ?"

"లేదండీ. ఇంకో రెండు రీళ్లున్నాయి, అవయ్యాకే పోతాడట," అంది టీచరమ్మ.