ముందుకు వాలే బండి

"నడక అనాగరికం!"

డైరెక్టరుగారి సర్క్యులరు అలా మొదలైంది. పొడవాటి వరండాల్లో సిబ్బంది ఫైళ్లు మోసుకుంటూ కాళ్లీడ్చుకు తిరగడం ఈ శతాబ్దానికే అవమానమట! ఇకపై అధికారులందరూ రెండు చక్రాల బ్యాటరీ బండ్ల మీద నిలబడి సంచరించవలెనట. అంతకుముందు ఒక బండిని నడిపి చూసి, అది సురక్షితమో కాదో, పనికొస్తుందో రాదో భద్రతా విభాగం నివేదిక సమర్పించవలెనట. చివర ఒక ముక్క: నలభై బండ్లకు ఆర్డరు ఇప్పటికే వెళ్లిపోయింది.

భద్రతా విభాగమంటే సూపరింటెండెంటు, ఒక బీరువా. ఇద్దరిలో నిటారుగా ఉండేది బీరువా.

ముప్పై నాలుగేళ్లుగా సూపరింటెండెంటుది ఒకటే పద్ధతి. ముందు నివేదిక, తరవాత పరీక్ష. తీరికుంటే పరీక్ష. లిఫ్టు భేషుగ్గా ఉందని ఏటా రాసేవాడు, తను మాత్రం మెట్లెక్కి వచ్చేవాడు. ఈసారీ అంతే. బండి అట్టపెట్టెలో ఉండగానే, "స్వయముగా నడిపి చూచితిని. పసిపిల్లలు సైతం నిర్భయముగా వాడదగినది" అని రాసి సంతకం గీకేశాడు.

గీకడా మరి! నెలాఖరుకి ఉద్యోగం అయిపోతుంది. ఇంకో ఏడాది పొడిగించమన్న అర్జీ డైరెక్టరుగారి బల్ల మీదుంది. భార్య పోయి రెండేళ్లు. ఇంట్లో నోరు విప్పేది ప్రెషర్ కుక్కరొక్కటే, అదీ మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. ఆ ఇంట్లో రోజంతా కూర్చోవడమంటే ఆయనకు హడలు.

ఆవిడ ఉన్నప్పుడు చొక్కాలు కుడుతూ దెప్పేది. "అందరి చొక్కాలూ మోచేతుల దగ్గర చిరుగుతాయి. మీవి వీపు మీద చిరుగుతాయేంటండీ? ఆఫీసులో మూటలు మోయిస్తారా?"

"పెద్దల ముందు వంగడం మర్యాదే! నీకేం తెలుసు?" అనేవాడు ఈయన. ఆవిడకు తెలుసు. కుట్టేది ఆవిడే కదా.

నివేదిక అందిన రోజే డైరెక్టరుగారు ఫోను చేశారు.

"మీరే స్వయంగా నడిపారటగా! శభాష్! రేపు పదకొండింటికి వరండాలో అందరి ముందూ నడిపి చూపించండి. మీ పొడిగింపు కాగితం అక్కడే మీ చేతికిస్తాను."

సూపరింటెండెంటు బండి దగ్గరికి పరుగెత్తాడు. అట్టపెట్టె విప్పడం కూడా రాదాయనకు. బండి నేర్పమని గేటు దగ్గర వాచ్‌మన్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. వాచ్‌మన్ మాజీ సైనికుడు, బండెక్కిన ఐదు నిమిషాల్లో దాన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్నాడు.

"హ్యాండిల్లో ఏమీ లేదు సార్. అంతా నడుములోనే ఉంది. ముందుకు వాలితే పోతుంది. నిటారుగా నిలబడితే ఆగుతుంది."

"ఎక్కువ వాలితే?"

"ఎంత వాలితే అంత జోరు. దిగాలన్నా ముందు నిటారుగా నిలబడాల్సిందే. లేకపోతే మూతిపళ్లు రాలతాయి."

"ఓస్, నిటారుగా నిలబడటమేగా! అదెంతసేపు!" అని నవ్వేశాడు సూపరింటెండెంటు.

సాయంత్రానికి బండి ఆయన మాట వింది. మర్నాడు పదకొండింటికి వరండాలో బయల్దేరాడు. గుమాస్తాలు లేచి నమస్కారాలు పెట్టారు. కింది ఉద్యోగుల నమస్కారాలు గనక ఈయన నడుము కదల్లేదు. బండి గుర్రంలా కాక గోవులా నడిచింది.

"అయ్యబాబోయ్, మన సూపరింటెండెంటుగారు పెళ్లికొడుకులా ఉన్నారే!" అంది టీ తోపుడుబండి ఆవిడ.

అప్పుడు ఎదురుగా తలుపు తెరుచుకుంది. డైరెక్టరుగారు బయటికొచ్చారు. చేతిలో పొడిగింపు కాగితం!

ముప్పై నాలుగేళ్ల నడుము. మెదడును అడగలేదు. వంగింది.

బండి దూకింది.

"ఏయ్, ఆపండి!" అన్నారు డైరెక్టరుగారు. పెద్దలు గద్దిస్తే ఇంకాస్త వంగాలి. ఇంకాస్త వంగాడు. బండి ఇంకాస్త అందుకుంది.

"నిటారుగా సార్, నిటారుగా నిలబడండి!" అని వెనక నుంచి వాచ్‌మన్ అరిచాడు. డైరెక్టరుగారి ఎదుటా? ఎలా నిలబడతాడు!

బండి వచ్చి గుద్దుకోగానే డైరెక్టరుగారు పక్కనున్న టీ బండి మీద కూలబడ్డారు. సూపరింటెండెంటు అదురుకు వెనక్కి తూలి, "క్షమించండి సార్!" అన్నాడు. క్షమాపణ నిలబడి చెప్పేది కాదు గనక వంగి చెప్పాడు. రెండో దెబ్బ. "పొరపాటైంది సార్!" మూడోది. నాలుగోది చెప్పేలోగా వాచ్‌మన్ వచ్చి, కాలరు పట్టి వెనక్కి లాగి నిలబెట్టాడు. బండి బుద్ధిగా ఆగింది.

డైరెక్టరుగారి కాలికి కట్టు పడింది. ప్రమాదం మీద విచారణ వేశారు. విచారణ జరపవలసింది భద్రతా విభాగం. బీరువాకు రాయడం రాదు గనక సూపరింటెండెంటే కూర్చున్నాడు.

బండిది తప్పంటే తన నివేదిక అబద్ధమవుతుంది. తనది తప్పంటే పొడిగింపు హుళక్కి. ఎటూ మునిగినవాడికి చలేమిటి? జన్మలో మొదటిసారి పరీక్ష అయ్యాక నివేదిక రాశాడు.

"బండిలో లోపం లేదు. దానిని చూడకుండానే వెనుకటి నివేదిక రాసితిని. లోపం నడిపినవాని నడుములో ఉన్నది. ఈ కార్యాలయంలో వంగుట మానిన నాడే ఈ బండ్లు సురక్షితం."

పంపించి, సొరుగు ఖాళీ చేసుకుని కూర్చున్నాడు. భయంగానే ఉంది. కానీ వీపు ఎందుకో తేలిగ్గా ఉంది.

మూడో రోజు పిలుపు వచ్చింది. డైరెక్టరుగారు కట్టుకాలు స్టూలు మీద చాపుకుని ఉన్నారు.

"చదివాను. వంగడం మానేస్తే ఆఫీసు నడిచేదెలాగండీ?" అని నివేదికను నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. "బండ్లు రద్దు చేశాను. పెద్దవాళ్ల ముందు నిటారుగా నిలబడితేనే ఆగే బండి మనకెందుకు? ఇక మీ సంగతి. పళ్లు రాలతాయని తెలిసీ మీరు వంగడం మానలేదు. ఇలాంటి మనిషిని వదులుకుంటామా? ఏడాది కాదు, రెండేళ్లు పొడిగించాను."

ఇంకో కాగితం ముందుకు తోశారు. ఉన్నతాధికారి సమక్షంలో "నిటారుగా నిలబడండి" అని బహిరంగంగా ప్రేరేపించినందుకు వాచ్‌మన్‌ను సంజాయిషీ కోరుతూ మెమో. కింద భద్రతా విభాగం సంతకానికి చోటు.

సూపరింటెండెంటు బుట్టలోని ముక్కల వంక చూశాడు. కూతలు కూసే కుక్కరు గుర్తొచ్చింది. సంతకం పెట్టాడు.

"ధన్యవాదాలు సార్!" అని నేలబారుగా వంగాడు. కింద చక్రాలు లేవు గనక ఎవరికీ దెబ్బ తగల్లేదు. వీపు మీద చొక్కా మాత్రం పర్రుమంది.

గేటు దగ్గర వాచ్‌మన్ నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"సార్, వీపు మీద చొక్కా చిరిగింది. ఇంట్లో చెప్పి కుట్టించుకోండి."

"ఫరవాలేదులే," అన్నాడు సూపరింటెండెంటు, మెమో అతని చేతిలో పెడుతూ. "రెండేళ్లకి సరిపడా చొక్కాలున్నాయి."