ఏడు లైట్‌హౌస్‌ల కప్పు

ఆ ఉదయం కళ్లద్దాల షాపు యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, ఇంటికి రాబోయే కెప్టెన్‌గారికి ఒక కప్పు ఇచ్చి ఆయన దగ్గర ఇంకో కప్పు పుచ్చుకోవాలి. అంతే. ఈ అంతే కోసం ఆయనకు రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

ముందు గదిలో గోడ పొడవునా అద్దాల బీరువా. అందులో ఊరికో కాఫీ కప్పు. వంతెన ఉన్న ఊరిది, కోట ఉన్న ఊరిది, ద్రాక్షతోటల సీమది, మంచుకొండల ప్రాంతానిది. ఆ ఊళ్లలో ఒక్కటీ ఆయన చూసినవాడు కాదు. బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. షాపుకొచ్చేవాళ్లలో ఎవరు ఏ ఊరికి బయల్దేరినా, "జోడు జాగ్రత్తండీ. వచ్చేటప్పుడు ఓ కప్పు" అని సాగనంపేవాడు. అలా నిండిన బీరువాలో, సరిగ్గా మధ్య అరలో, ఒక్క చోటు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది. అది ఏడు లైట్‌హౌస్‌లున్న తీరప్రాంతపు కప్పుది. దాన్ని చేసే ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఓడలు నడిపి రిటైరైన కెప్టెన్‌గారి దగ్గర ఒకటుందని తెలిసిన రోజు, షాపు యజమాని దగ్గరచూపు అడిగిన మనిషికి దూరపుచూపు అద్దాలు బిగించి పంపేశాడు.

కెప్టెన్‌గారు ఊరికే ఇస్తారా? బదులుగా గడియారస్తంభం ఊరి కప్పు అడిగారు. ఆ గడియారంలో ఆరు అంకె వేయడం మరిచిపోయాడు బొమ్మ వేసినవాడు. తప్పున్న కప్పంటే సేకరించేవాళ్లకు ప్రాణం.

ఇక కళ్లద్దాలాయన ఇంట్లో కప్పులకు ఒక చట్టముంది. చేసింది ఆయనే. బీరువాలోని కప్పును ఎవరూ ముట్టుకోకూడదు, పొడిగుడ్డతో ఆయనే తుడుస్తాడు. అదే ఊరిది అంతకన్నా మంచిది దొరికితే మాత్రం పాతదాన్ని తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెడతాడు. టేబుల్ మీదికి దిగిందంటే దానికి పదవి పోయినట్టే. ముందు ఎవరు అందుకుంటే వాళ్లది. ఈ పందెంలో ఆ ఇంట్లోనే ఉండే ఆయన అత్తగారికీ బామ్మర్దికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తల్లీకొడుకులే, కానీ టేబుల్ దగ్గర కాదు.

ఆ ఉదయం ఆయన గడియారం కప్పును ముద్దుగా తుడిచి, డైనింగ్ టేబుల్ మీద పెట్టి గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు. సంతోషంలో తన చట్టం తానే మరిచాడు.

ఒక చెంప గీశాక, ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూసుకుందామని బయటికొచ్చాడు. టేబుల్ ఖాళీ.

"నా కప్పేదీ?"

"వాడు ఎగరేసుకుపోయాడు అల్లుడుగారూ!" అన్నారు అత్తగారు కసిగా. "నేను చెయ్యి చాచేలోపే కాఫీ పోసేసుకుని ఉడాయించాడు. ఈసారి దించేటప్పుడు నాకు కాస్త సైగ చేయండి, మీ పుణ్యముంటుంది."

"దించలేదండీ! అది కెప్టెన్‌గారికివ్వాలి!"

"మరి టేబుల్ మీద ఎందుకు పెట్టారండీ?" అంది భార్య.

ఆయన అప్పటికే గుమ్మం దాటాడు. చేతిలో స్కూటర్ తాళం ఉంది.

బామ్మర్ది డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పాఠం చెప్పేటప్పుడు ఫోన్ కట్టేస్తాడు. పైగా అతనికో పద్ధతుంది. కారు ముందు అద్దం కింద, డాష్‌బోర్డు మీద కాఫీ కప్పు పెడతాడు. "చుక్క ఒలికిందంటే క్లచ్ తప్పు వదిలారన్నమాట" అంటాడు. సంగతి గుర్తొచ్చేసరికి కళ్లద్దాలాయన గుండె జారి స్కూటర్ పెడల్ మీద పడింది. పార్కు చుట్టూ ఉన్న రోడ్డులో పసుపు రంగు స్కూల్ కారు నత్తలా పోతోంది. అద్దం వెనక, ఆరు అంకె లేని గడియారం ఊగుతోంది.

"ఆపరా! ఒరేయ్, ఆపు!"

స్టీరింగ్ పట్టుకున్నది లెక్కల టీచరు. పక్క అద్దంలో చూసి కెవ్వుమంది. "మాస్టారూ, సగం గడ్డంతో ఎవడో పిచ్చాడు వెంటపడ్డాడు!"

"పిచ్చాడు కాదు మేడమ్, మా బావ. మీరు రోడ్డు చూడండి. మెల్లగా బ్రేకు తొక్కండి."

ఆమె కాలు పెట్టీపెట్టగానే కప్పు వేలెడు ముందుకు జరిగింది. వెనక నుంచి చూసిన కళ్లద్దాలాయనకు పైప్రాణాలు పైనే పోయాయి.

"వద్దు! బ్రేకు తొక్కొద్దు! తొక్కారో, నా కొంప మునిగినట్టే!"

"బ్రేకులో ఏముంది మాస్టారూ?" అంది టీచరు.

బామ్మర్దికి చెమటలు పట్టాయి. కారు నిన్ననే మెకానిక్ దగ్గర నుంచి వచ్చింది. మెకానిక్‌కు కళ్లజోడిచ్చింది బావే. వాడేదో బిగించడం మరిచి బావతో చెప్పుకుని ఏడ్చి ఉంటాడు, అందుకే బావ సగం గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు! లెక్క సరిపోయింది. మాస్టార్ల వైపు కూడా ఒక బ్రేకుంటుంది కదా, దాని మీద పొరపాటున కాలు పడకుండా అతను రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకున్నాడు.

"మేడమ్, ఏదీ తొక్కకండి! అలా తిప్పుతూనే ఉండండి!"

టీచరు తిప్పింది. పార్కు చుట్టూ కారు, కారు వెనక స్కూటరు, స్కూటరు వెనక ఎటు పోవాలో తెలియని బ్రెడ్డు వ్యాను, దాని వెనక హారను కొడుతూ ఒక బస్సు. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదాడు. కారు మళ్లీ వచ్చింది. మళ్లీ ఊదాడు. అదే కారు, అదే సగం గడ్డం. చివరికి ఆయన ఈల నోట్లోనే పెట్టుకుని స్కూటరు వెనక పరుగందుకున్నాడు. బామ్మర్ది మహా పిసినారి, కారులో ఎప్పుడూ గుక్కెడు పెట్రోలే పోయిస్తాడు. ఆ గుణమే అందరినీ కాపాడింది. కారు రెండు దగ్గులు దగ్గి, రోడ్డు పక్కన పూలమ్ముకునే అమ్మాయి మోకాలి ముందు మెత్తగా ఆగింది.

"ఒక్క చుక్క ఒలకలేదు మాస్టారూ!" టీచరు సీట్లోనే ఎగిరి గంతేసింది. "పాసైనట్టేనా?"

కళ్లద్దాలాయన కిటికీలోంచి కప్పందుకునేలోపే ఇంకో చెయ్యి అడ్డొచ్చింది.

"ఇందులో ఏం తాగుతూ నడుపుతున్నారు?" అన్నాడు కానిస్టేబుల్.

"కాఫీ సార్! ఒట్టు! మెల్లగా పట్టుకోండి సార్, పిడి దగ్గర కాదు, అడుగున పట్టుకోండి!" అన్నాడు కళ్లద్దాలాయన.

కానిస్టేబుల్ వాసన చూశాడు. నమ్మకం కుదరక ఓ గుక్క తాగాడు. మంచి సాక్ష్యమే అనిపించి మొత్తం తాగాడు. "చక్కెర ఎక్కువైంది. ముందు ఆ రెండో చెంప గీసుకుని రోడ్డెక్కండి" అని కప్పు చేతికిచ్చాడు. ఒక్క పెచ్చు ఊడలేదు. కళ్లద్దాలాయన దాన్ని చొక్కాలో దాచుకుని ఇంటికి ఎగిరొచ్చాడు.

కెప్టెన్‌గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ముందు గదిలో భార్య ఆయనకు బీరువా చూపిస్తోంది.

"ఇదిగోండి సార్!" ఆయాసపడుతూ చొక్కాలోంచి కప్పు తీశాడు. "మీదేదీ?"

"తెచ్చానయ్యా. లోపల డైనింగ్ టేబుల్ మీద పెట్టాను" అన్నారు కెప్టెన్‌గారు.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వంటింట్లోంచి కరకరమని చప్పుడు.

ఉదయం పందెంలో ఓడిన అత్తగారు ఈసారి ఎవరికీ ఛాన్సివ్వలేదు. పాత కప్పు కదా, ముందు శుభ్రం చేద్దామని స్టీలు పీచుతో తోముతున్నారు. "ఎంత తోమినా రంగు కారుతూనే ఉందేమిటమ్మా?" అన్నారు, అడుగుల చప్పుడు విని.

కెప్టెన్‌గారు కప్పు లాక్కుని వెలుతురులో పట్టుకున్నారు. ఏడో లైట్‌హౌస్ మాయమైంది. దాని చోట ఒక ఎలుక వెల్లకిలా పడి ఉంది. కింద ఎలుకల మందు కంపెనీ పేరు.

"దొంగది!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఓడరేవులో నా బైనాక్యులర్స్ ఇచ్చి తెచ్చుకున్నానయ్యా దీన్ని! కంపెనీవాళ్లు ఊరికే పంచిపెట్టిన ఎలుకల మందు కప్పు మీద ఎవడో లైట్‌హౌస్‌ల బొమ్మలు వేశాడు, దుర్మార్గుడు! క్షమించవయ్యా. ఇది నీకెలా ఇస్తాను?"

కళ్లద్దాలాయన కప్పు చుట్టూ తిరిగాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"అత్తయ్యగారూ, ఆ పీచు కింద పెట్టండి. సార్, ఆరు లైట్‌హౌస్‌లు, ఒక ఎలుక. ఇలాంటిది ఇంకెవరి దగ్గరైనా ఉంటుందా?"

కెప్టెన్‌గారు తలెత్తారు. "ఎక్కడుంటుంది?"

"అంటే ప్రపంచంలో ఇదొక్కటే! సార్, నా గడియారం తీసుకోండి. కోట ఊరిది కూడా తీసుకోండి. ద్రాక్షతోటలది కూడా! అదిలా ఇవ్వండి!"

ఆ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కెప్టెన్‌గారు కప్పును మెల్లగా ఎదకు హత్తుకున్నారు.

"ప్రపంచంలో ఒక్కటేనంటున్నావు. మరి నేనెందుకిస్తానయ్యా?"

"సార్, మనం మాటనుకున్నాం!"

"అనుకున్నది ఏడు లైట్‌హౌస్‌ల కప్పుకి. అది లేదు కదా, ఇది ఎలుకది." ఆయన లేచి, అత్తగారికి రెండు చేతులూ జోడించారు. "అమ్మా, మీ చేతి చలవ. ఎంతో చక్కగా సరైన చోట ఆపారు!" ఇంటికొచ్చినప్పుడు కర్రసాయంతో మెట్లెక్కిన మనిషి, పోయేటప్పుడు కర్ర మరిచిపోయి మరీ గబగబా దిగి వెళ్లిపోయారు.

బీరువాలో మధ్య చోటు ఖాళీగానే ఉంది. కళ్లద్దాలాయన దానివంక చూశాడు, చేతిలో గడియారం కప్పు వంక చూశాడు. పొడిగుడ్డ తప్ప ఎరగని కప్పు. ఊపిరి బిగబట్టి వంటింట్లోకి నడిచాడు.

"అత్తయ్యగారూ, ఇది కూడా కాస్త తోమి పెడతారా? గట్టిగా. కింద ఎలుకేమైనా ఉందేమో."

అత్తగారు చీర కొంగు దోపి కూర్చున్నారు. పీచు అరిగింది, గాజులు మోగాయి, చేతులు ఎర్రబడ్డాయి. గడియారం మీద గీత కూడా పడలేదు.

కప్పు అసలుసిసలైనదని తేలిపోయింది. ఆ దిగులుతో ఆయన ఆ రోజు షాపు తెరవలేదు.