కచ్చాకుట్ల కథానాయకుడు

ఆదివారం ఉదయం ఆ ఇంట్లో గొడవ గుండీతో మొదలయింది. కోటుకు ఊడిపోయిన గుండీని ఇల్లాలు కుట్టిపెట్టింది. నాలుగు కన్నాల్లోంచి దారాన్ని అడ్డంగా దాటించి, ముడివేసి, పంటితో తెంపింది. నీటి మీటర్ల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఆమె భర్త ఆ కోటును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, నగల వర్తకుడిలా పరీక్షించాడు.

"ఇంటూ గుర్తులా కుట్టావేంటి? మిగతావన్నీ రెండు నిలువు గీతల్లా ఉన్నాయి కదా!"

"గుండీ నిలిచిందా లేదా?"

"నిలవడం కాదు, కనిపించడం ముఖ్యం."

"ఎవరికి కనిపిస్తుందండీ? మీ కోసం భూతద్దాలు పట్టుకుని వస్తారా?"

"కెమెరాకి కనిపిస్తుంది."

ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం ఆమె తమ్ముడు అరువు కెమెరాతో ఒక సినిమా తీస్తున్నాడు. అందులో అసలు నాయకుడు కోటే. లేత నాచురంగు నార కోటు. గుమాస్తా మూడుసార్లు కొలతలిచ్చి మరీ కుట్టించుకున్నాడు. తమ్ముడు మొదట కోటును ఎంపిక చేసి, దాని లోపల ఎవరో ఒకరు ఉండాలి గనుక బావను తీసుకున్నాడు. సంగీతం మేనకోడలిది. గది తలుపు వేసుకుని గిటారు మీద సొంతంగా పాటలు కట్టుకునే పిల్ల. ఆమె పాటల్లో మాటలు తక్కువ, వాన ఎక్కువ.

ఇక ఒక్క దృశ్యమే మిగిలింది. కోటు వేసుకున్న మనిషి సాయంత్రపు ఎండలో వంతెన మీదుగా నడిచి వెళ్లిపోవాలి. మర్నాడు మధ్యాహ్నానికల్లా సినిమాను ఒక చిత్రోత్సవానికి పంపాలి. పంపలేకపోతే కెమెరా వదిలేసి టైల్స్ దుకాణంలో చేరిపోతానని తమ్ముడు అక్కకు మాటిచ్చాడు. అది ఆమె అడిగిన మాట కాదు. ఆమెకు భయంగా ఉన్నది అందుకే.

ఆమె వంటింట్లోకి వెళ్లగానే గుమాస్తా బ్లేడు తీసుకుని, గుండీ దారం కోశాడు. దారంతో పాటు కోటూ తెగింది.

ఆ కోటు కుట్టిన దర్జీ తన కొట్లో ఆ చిరుగును వేలితో తడిమి, కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "కంగారేం లేదు సార్, చిరుగు కనపడకుండా రఫూ చేసిస్తాను. రేపు రండి."

"రేపు కుదరదు మాస్టారూ! సాయంత్రం దీంతో షూటింగ్ ఉంది."

దర్జీ చేతిలో సూది ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఆయన కుట్టిన బట్టలు ఇళ్లలో బీరువాల్లోకి వెళ్లాయే గాని, తెర మీదకు ఎన్నడూ వెళ్లలేదు.

"ఆ మాట ముందే చెప్పొద్దూ! ఈ ఎడమ భుజం నాకెప్పుడూ నచ్చలేదు సార్. పావంగుళం జారింది. అలాగే లోకమంతా చూస్తే నేనేం కావాలి?"

నిజానికి ఆ పావంగుళం గుమాస్తాను కూడా రెండేళ్లుగా నిద్రలో పలకరిస్తోంది. వద్దని చెప్పడానికే నోరు తెరిచాడు. "నాకూ అలాగే అనిపించింది మాస్టారూ" అన్న మాట బయటికి వచ్చింది. కోటు చేతులు రెండూ ఊడి బల్ల మీదకు చేరాయి. ఇద్దరూ దాని భుజం గురించి మెల్లగా, పాత స్నేహితుడిని తలుచుకుంటున్నట్టుగా మాట్లాడుకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం ఎప్పుడయిందో ఇద్దరికీ తెలియలేదు.

కబురు ఫోనులో ఇంటికి చేరింది. "మావయ్యకి చెప్పకు, గుండె ఆగిపోతుంది" అని ఇల్లాలు కూతురితో అంది. ఏం చెప్పాలన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు.

రెండింటికి తమ్ముడు మేనకోడలికి ఫోన్ చేశాడు. "నాన్నకి జ్వరం మావయ్యా, పడుకున్నారు" అంది. బావ ఎలా ఉన్నాడని అక్కకు చేశాడు. "బ్రహ్మాండంగా ఉన్నారు రా! ఇప్పుడే అలా షికారుకెళ్లారు" అంది. చివరికి బావకే చేశాడు. "ఆఫీసులో అర్జెంటు పని పడిందోయ్" అన్నాడు బావ, ఆదివారం పూట.

జ్వరమూ, షికారూ, ఆఫీసూ కలిపి చూసుకుంటే తమ్ముడికి ఒకటే అర్థం దొరికింది. వీళ్లు విసిగిపోయారు, మంచివాళ్లు కనుక చెప్పలేకపోతున్నారు. "ఎనిమిది నెలలు భరించారు, చాలు అక్కా" అని మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశాడు.

తల్లీకూతుళ్లు పరుగున టైల్స్ దుకాణానికి వెళ్లేసరికి, అతను కెమెరా సంచీ భుజాన వేసుకుని, గోడకు ఆనించిన ఒక పలక ముందు నిలబడి ఉన్నాడు.

"ఈ బూడిదరంగు చూడక్కా. వాన పడబోయే ముందు ఆకాశంలా లేదూ?"

"అలా చెప్తే కొనడానికొచ్చినవాళ్లు గొడుగు కోసం ఇంటికి పోతారు. పద!"

"మరి బావకి జ్వరం?"

"బావకి కాదు రా, కోటుకి! దాని చేతులు ఊడదీశారు."

వాళ్లు చేరేసరికి వంతెన మీద ఎండ తేనెరంగుకు తిరిగింది. అటు నుంచి గుమాస్తా పరుగెత్తుకొస్తున్నాడు. వెనకాలే సూదీ దారాలతో దర్జీ. కోటు కుడిచెయ్యి గట్టిగానే కుదిరింది. ఎడమచెయ్యి తెల్లదారపు కచ్చాకుట్ల మీద ఊగుతోంది. వీపు మీద సుద్దగీతలు.

"పది నిమిషాలివ్వండి బాబూ!"

"ఆ మాట సూర్యుడితో చెప్పండి మాస్టారూ. బావా, నడు! ఏం జరిగినా ఆగకు."

గుమాస్తా నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఎడమచెయ్యి భుజం నుంచి జారడం మొదలుపెట్టింది. దర్జీ ఓర్చుకోలేకపోయాడు. కెమెరా ముందుకు దూసుకెళ్లి, జారే చేతిని పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ కుట్టడం మొదలుపెట్టాడు. ముందు ఒక మనిషి, వెనక ఒక మనిషి, మధ్యలో ఎండకు మెరిసే దారం. ఇద్దరూ అలా వెలుగులోకి కరిగిపోయారు. మేనకోడలి మైకులో "కదలకండి సార్" అన్న మాటా, కింద నీళ్ల చప్పుడూ రికార్డయ్యాయి. సూర్యుడు దిగిపోయాడు.

తమ్ముడు అక్కడే కూలబడ్డాడు. "అయిపోయింది."

"అయిపోయింది కదా, పంపు" అంది అక్క. "బాగుందో లేదో వాళ్లు చెప్పనీ."

మూడు వారాల తర్వాత, అందరూ భోజనానికి కూర్చున్న వేళ తమ్ముడు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. సినిమా ఎంపికయింది.

"ఇలా రాశారు. 'ఒంటరి మనిషిని ఒక్క దారంతో లోకానికి కుట్టిపెట్టే ఆ పెద్దాయన నటన మరువలేనిది.'"

"నా గురించి?" అన్నాడు గుమాస్తా.

తమ్ముడు కాగితం తిప్పి చూశాడు. "కోటు బాగుందన్నారు బావా."

గుమాస్తా మంచినీళ్లు తాగాడు. తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నేను టైల్స్ కొట్టుకి వెళ్లను. ఇంకో సినిమా తీస్తాను. నాయకుడు దర్జీ మాస్టారే."

అందరూ గుమాస్తా వైపు చూశారు. ఆయన కిటికీలోంచి ఎటో చూశాడు. తర్వాత, కలలోంచి పలికినట్టు అన్నాడు. "మాస్టారికి నాచురంగు నప్పదు. ముదురు గోధుమరంగు వేద్దాం. భుజాలు నేను దగ్గరుండి చూస్తాను."

కథ ఇంకా అనుకోలేదు గాని, కోటు కొలతలు మాత్రం ఆ సాయంత్రమే తీసుకున్నారు.