ఆపకుండా అరగంట

దర్జీ కొంప ముంచింది పగవాళ్ళు కాదు, సొంత బావమరిది. "డీజిల్ బండి బావా! చుక్క పోస్తే లోకమంతా తిరిగొస్తుంది" అని ఊదరగొట్టి, తాను వదిలించుకోవాలనుకున్న కారును ఇతనికి అంటగట్టాడు. ఇంటి నుంచి కొట్టుకు రెండు వీధులు. అంతమాత్రానికి కారు కొనడం పక్కింటికి పల్లకీ కట్టించుకోవడమే.

నెల తిరక్కుండా స్టీరింగు ముందు నారింజ దీపం వెలిగింది. మెకానిక్కు నవ్వాడు.

"కొత్తరకం డీజిల్ బళ్ళింతే మాస్టారూ. పొగలో మసంతా ఫిల్టరు పట్టేస్తుంది. దీపం మినుకుమందంటే, పెద్ద రోడ్డు మీద అరగంట ఆపకుండా తోలాలి. మసి కాలిపోతే దీపం ఆరిపోతుంది. మధ్యలో ఆపారో, ఫిల్టరు మార్చాలి. మీ మిషన్లన్నీ అమ్మినా చాలదు."

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక ఉదయం, పని చిన్నదే. కొట్టు యజమానిని ప్లీడరు ఆఫీసుకు తీసుకెళ్ళి ఐదేళ్ళ అద్దె కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ముసలాయన అద్దె రెట్టింపు చేస్తానంటున్నాడు. లేదంటే ఖాళీ చేయమంటున్నాడు. "కార్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళండి, మెత్తబడతాడు" అంది భార్య.

ప్లీడరు ఆఫీసు కనబడుతుండగా దీపం మినుకుమంది. దర్జీ బ్రేకు మీంచి కాలు తీసేశాడు. నిన్నటిదాకా ఈ బండి గురించి కోసిన కోతలకు, దీనికి జబ్బుందని ఏ నోటితో చెప్పడం?

"ఏమోయ్, ఆఫీసు దాటిపోయింది!"

"తెలుసండీ."

"ఆపు మరి!"

"ఇప్పుడు ఆపితే మనిద్దరికీ మంచిది కాదండీ."

యజమాని వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీటులో మూరెడు కత్తెర. సాన పట్టించడానికి తెచ్చిందని ఆయనకేం తెలుసు?

"పోనీ, అద్దె పెంచనులే నాయనా."

"ఇంకాసేపు పడుతుందండీ" అన్నాడు దర్జీ పెద్ద రోడ్డెక్కుతూ, దీపం మీంచి చూపు తిప్పకుండా.

"పాత అద్దె బాకీ వదిలేస్తా!" అన్నాడు ముసలాయన పావుగంట తర్వాత.

దర్జీ వేగం పెంచాడు.

"కొట్టు వెనక గది కూడా నీదే! ఉత్తినే వాడుకో!" ముసలాయన సంచిలోంచి అద్దె కాగితం లాగి, అంకె కోసం ఖాళీ వదిలిన చోట పాత అద్దె వేసి, వెనక గది చేర్చి, మోకాలి మీద వంకరటింకరగా సంతకం గీకి దర్జీ ఒళ్ళో పడేశాడు.

అప్పుడే దీపం ఆరింది.

దర్జీ బండి పక్కకు ఆపాడు. కాగితం చదివి కళ్ళు నులుముకున్నాడు. నోరు మూసుకుని ఉంటే బాగుపడేవాడు. కానీ సంతోషం తలకెక్కితే నోటికి బ్రేకులుండవు. మసి, ఫిల్టరు, బావమరిది ద్రోహం, కత్తెరకు సాన, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అంటే, నువ్వు నన్ను బెదిరించలేదా?"

"అయ్యయ్యో! మీరు నాకు తండ్రిలాంటివారు. నాకంత ధైర్యమెక్కడిదండీ?"

"చవటా! ఆ మాట ముందే ఏడవొద్దూ?" ముసలాయన కాగితం లాక్కుని చింపి కిటికీలోంచి విసిరాడు. "ఒకటో తారీకుకల్లా ఖాళీ చెయ్!"

ఫిల్టరు మాత్రం శుభ్రపడింది. దర్జీకి పోయింది పది అడుగులకు పద్నాలుగు అడుగుల కొట్టు. రెండు నిమిషాలు తనదైన వెనక గదిని కూడా కలుపుకుంటే, ఇంకో నలభై ఎనిమిది చదరపు అడుగులు.