నార్కట్‌పల్లి గడి సంగ్రామము

రెండువేల సంవత్సరము ముంచుకొని వచ్చుచున్నదనియు, అది అడుగుపెట్టిన క్షణమున లోకమందలి కంప్యూటర్లన్నియు మతి తప్పి విమానములను నేలకును బ్యాంకులను గాలికిని వదలివేయుననియు పత్రికలు భయోత్పాతము పుట్టించుచున్న కాలమున, హైదరాబాదు నుండి బెజవాడకు పరుగిడు మహామార్గమును వీడి నల్లగొండ దారి చీలిపోవునట్టిదియు, లారీహారన్‌భేరీనినాదముఖరితమును, డీజిల్‌ధూమధూసరితమును, మిర్చిబజ్జీపరిమళభరితమును అగు నార్కట్‌పల్లి కూడలియందు, ఒకానొక గురువారము, ఎండ నడినెత్తి కెక్కు వేళ, ఏ యుగమునందును ఎవ్వరును కని విని యెరుగని మహాసంగ్రామ మొకటి జరిగెను. రాజ్యము కొరకు జరిగిన యుద్ధములను గూర్చి చెప్పువారు చాలమంది కలరు. ఇది కంప్యూటరు తెర మీద నున్న ఆవగింజంత గడిలో ఒక్క టిక్కు పడుట కొరకు జరిగిన యుద్ధము.

ఆ కూడలిలో బస్సులు ఆగు చోటి కెదురుగా, పసుపు బోర్డు క్రింద, ఒకరు కూర్చుండి ఇద్దరు నిలుచుటకు మాత్రమే చాలునట్టి ఎస్టీడీ బూత్ అను సామ్రాజ్యమును ఏలుచుండెడిది ఖాదర్‌బీ. చిన్ననాడు వచ్చిన విషజ్వరము ఆమె ప్రాణమును వదలి పోయెను గాని, పోవుచు పోవుచు రెండు చేతులలోను వణుకును విడిచిపోయెను. గుంతల దారిలో పోవు లారీ మీది తార్పాలిన్ వలె ఆ చేతులు పగలెల్ల అల్లాడుచుండును. నాలుకకు మాత్రము ఏ వణుకును లేదు. బూత్‌లో గంటకొట్టినట్లు గొంతు చించుకొని మాటలాడు లారీ డ్రైవర్లు సైతము ఆమె కనుబొమ్మ లేచినంతనే గుసగుసలకు దిగుదురు.

ఆమెకు తమ్ముడొకడు కలడు, షరీఫ్. పక్కనే పంక్చర్ల దుకాణము. నల్లగొండ నుండి సూర్యాపేట దాక ఏ టైరు కుత్తుకలో ఏ మేకు దాగియున్నను వేలికొనతో పసిగట్టగల ప్రజ్ఞాశాలి. అతని చేతులే ఇన్నేండ్లుగా ఆమె చేతులు. అక్క గ్లాసు వైపు చూచినంతనే గ్లాసు అతని చేతిలో నుండును. తలుపు వైపు తిరిగినంతనే తలుపు తెరచి యుండును. ప్రేమకు హద్దులు లేకపోవుట వలన కలుగు బాధలను గూర్చి ఖాదర్‌బీ ఎన్నడును పైకి చెప్పలేదు.

అట్టి షరీఫునకు షాద్‌నగర్‌లో ఒక కార్ఖానాలో నౌకరి దొరికెను. అతడు పోడు. అక్క పొమ్మనును. ఇంట్లో ఉర్దూలో పుట్టిన ఆ రగడ బూత్ ముందుకు వచ్చునప్పటికి తెలుగులోనికి మారి నలుగురి నోళ్ళలో పడెను.

"నేను పోతే నీకు దిక్కెవరు ఆపా? నన్ను చూడనీకె వస్తనంటవు. బస్సుల కడ్డి గూడ పట్టుకోలేవు. షాద్‌నగర్ దాంక నిల్చోని ఎట్లొస్తవ్?"

"కడ్డి పట్టుకునుడు ఎందుకు? ముందు సీట్ల కూసోని వస్త. నా సీటు నేనే రాసుకుంట."

"నువ్వు రాసుకున్ననాడు నేను పోత."

అతడు విసుగున అన్నమాట అది. ఆమె మాత్రము దానిని కొంగున ముడివేసుకొనెను.

అంతలో హైదరాబాదు నుండి, ఆటోలో, దుప్పటి చుట్టిన కంప్యూటరును పసిబిడ్డ వలె ఒడిలో పెట్టుకొని, కంప్యూటరుభాషావిశారదుడగు అమరేందర్ విచ్చేసెను. ఒక కొత్త బస్సు కంపెనీ కొరకు, ఇంటర్నెట్టులో సీటు రాసుకొను పేజీ నొకదానిని అతడు నిర్మించి యుండెను. వికలాంగులకు అది పనికివచ్చునో లేదో చూచి రమ్మని కంపెనీవారు పంపగా, ఫోను లైనును, వణుకు చేతులును ఒక్కచోటనే దొరకు స్థలము ఇది యని తెలిసి అతడు వచ్చెను. మంచివాడు. కండ్లద్దముల వెనుక నుండి లోకమంతయు తన పేజీ వలె చక్కగా నుండునని నమ్మువాడు.

"అక్కా, మీరు సీటు బుక్ చేయాలె. నేను పక్కన కూసుంట గని ముట్టుకోను. ఏడ కష్టమైతదో చెప్తే చాలు."

"పరీక్ష నాకా తమ్మీ, దానికా?"

"దానికే అక్కా."

"అయితె భయపడొద్దని చెప్పు దానికి."

ఫోను తీగ కంప్యూటరునకు తగిలించిరి. యుద్ధారంభమున శంఖము పూరించినట్లు మోడెము కీచుమని అరచి, గురగురలాడి, గొంతు సవరించుకొని శాంతించెను. పేజీ పైనుండి క్రిందికి మెల్లమెల్లగా, పెండ్లికూతురు తెర తీసినట్లు దిగివచ్చెను. తెలుగు అక్షరములను బొమ్మలుగా గీసి అతికించిన ఆ పేజీలో కంపెనీ పేరు అరచేయంత ఉండెను. దాని క్రింద పేరు, ఊరు, పోవు చోటు. అన్నిటికిని అడుగున, చీమ కన్ను వలె, ఒక గడి. దాని పక్కన, "వికలాంగులకు ముందు సీటు" అని ఉండెను.

ఖాదర్‌బీ మీటల మీద దండెత్తెను. ఒక్క 'కే' అక్షరమును కొట్టబోవగా మూడు పడెను. చెరుపబోవగా నాలుగు చెరిగెను. తన పేరును తానే చెరుపుచు, మరల కట్టుచు, కోట గోడను రాతి మీద రాయి పేర్చునట్లు పేర్చి, చెమట చీరకొంగున తుడుచుకొని ఆమె పేరును నిలిపెను. పోవు చోట్ల జాబితాలో షాద్‌నగర్‌కు మారుగా రెండుసార్లు సూర్యాపేట పడెను. దానిని కూడ జయించెను. షరీఫ్ చేయి రెండుసార్లు ముందుకు వచ్చి, ఆమె చూపు తగిలి వెనుకకు పోయెను.

ఇక మిగిలినది గడి.

ఆమె మౌసును పట్టెను. తెర మీది బాణము లేచెను. కుడికి దూకి, ఎడమకు దుమికి, కంపెనీ పేరు చుట్టును ప్రదక్షిణము చేసి, గడి వైపు వచ్చినట్లే వచ్చి, గడి అంచును ముద్దాడి, వేలు నొక్కులోపల బెదరిన గొర్రెపిల్ల వలె పక్కకు గెంతి, దాని ప్రక్కనే పొంచియున్న "రద్దు" అను మీట మీద వాలెను. అంతే. పేరును, ఊరును, షాద్‌నగరును క్షణములో తుడుచుకొని పోయి, పేజీ ఏమియు ఎరుగనట్లు తెల్లగా నవ్వెను.

"మళ్ళ మొదటి నుంచా?" అని ఆమె అడిగెను.

"మళ్ళ మొదటి నుంచే అక్కా," అని అమరేందర్ తలవంచెను.

రెండవ దండయాత్ర మరింత ఘోరముగా సాగెను. కోట మరల కట్టబడెను. బాణము మరల గడి సమీపమునకు వచ్చెను. సరిగ్గా అప్పుడే తిరుమలగిరి అంగడికి గొర్రెలను తోలబోవు బీరన్న, భుజాన గొంగడితో లోనికి వచ్చి, ఎవ్వరిని అడుగక, అదే లైనునకు తగిలించి గోడకున్న రెండవ ఫోనును ఎత్తెను.

"గిదేంది ఖాదర్‌బీ, హలో అంటె లోపట ఎవలో పండ్లు కొరుకుతాండ్రు."

లైను తెగెను. తెర మీద పేజీ గుడ్డిదాయెను.

అప్పుడు షరీఫ్ ఆగలేకపోయెను. "ఆపా, నేను కొడ్త. ఒక్క నొక్కుడు పని. ఎవలు చూస్తరు?" అని మౌసు మీద చేయి వేసెను.

ఖాదర్‌బీ కుర్చీలోనే వెన్ను నిటారుగా నిలిపి, లారీల హోరును మించిన గొంతుతో నిట్లు పలికెను:

"చెయ్యి తియ్యి షరీఫ్. నాకు అన్నం నువ్వు కలిపినవ్, జడ నువ్వు ఏసినవ్, ఈద్ నాడు గాజులు నువ్వు తొడిగినవ్. నేనేమన్న అన్ననా? గీ గడి మాత్రం నాది. గిది గూడ నువ్వే కొడితె, షాద్‌నగర్ పొయ్యే సీట్ల నేను కూసుంటనా, నీ చెయ్యి కూసుంటదా?"

కూడలిలో ఒక బస్సు కూడ ఆ క్షణమున హారన్ మ్రోగింపలేదు. షరీఫ్ పక్కనున్న స్టూలు మీద కూర్చుండి, తన రెండు చేతులను తొడల క్రింద పెట్టుకొని, ఆ ద్రోహులు మరల లేవకుండ వాని మీద తన బరువంతయు మోపెను.

ఆమె అమరేందర్ వైపు తిరిగెను.

"తమ్మీ, ఈ పేజీల అన్నిటికంటె పెద్దది ఏంది?"

"కంపెనీ పేరక్కా."

"అన్నిటికంటె చిన్నది?"

అతడు తెరను చూచెను. కండ్లద్దములు తీసి తుడిచి మరల చూచెను. "గీ గడి."

"ఎవలకు పెట్టినవ్?"

"మీ అసుంటోళ్ళకు."

"జర మళ్ళ చెప్పు."

అతడు కండ్లద్దములను ఇంకొకమారు తుడిచెను. "చిన్నగుంటె అందంగ ఉంటదని పెట్టిన," అని మెల్లగా గొణిగెను.

మూడవమారు లైను కలిసెను. బీరన్న ఫోనుకు దూరముగా, గొర్రెలను మరచి, నోరు తెరచి నిలిచెను. పేరు నిలిచెను, ఊరు నిలిచెను. మౌసు వైపు పోవుచున్న ఖాదర్‌బీ చేయి దారి తప్పి మీటల మూల మీద పడగా, తెర మీద ఒక చుక్కల గీత పుట్టి, ఒక చోటి నుండి ఇంకొక చోటికి దూకెను.

"గిదేంది?"

"ట్యాబ్ మీట అక్కా. మౌసు లేకుండ గూడ..." అమరేందర్ ఆగిపోయెను. తన పేజీని మౌసు లేకుండ తానెన్నడును నడిపి చూడలేదని అతనికి అప్పుడే తట్టెను.

ఆ చుక్కల గీతకు వరుసయు వావియు లేవు. పేరు నుండి పేజీ అడుగునకు, అక్కడి నుండి నెత్తికి, నెత్తి నుండి ఊరికి, తల్లి నెడబాసిన మేకపిల్ల వలె తిరిగెను. ఖాదర్‌బీ దానిని అదిలించుచు, బుజ్జగించుచు, దాటిపోయినప్పుడెల్ల మరల చుట్టు తిప్పుచు, తుదకు గడి చుట్టును నిలిపెను. ఇప్పుడు బాణముతో పని లేదు. మీటలన్నిటి క్రిందను, అడ్డముగా పరుండిన పొడుగాటి మీట ఒకటి కలదు. దానిని కొట్టిన చాలునని అమరేందర్ చెప్పెను. అది గురి చూడ నక్కరలేనంత పెద్దది.

ఆమె కొట్టెను. టిక్కు పడెను. చేయి వణకి రెండవ దెబ్బ తగిలెను. టిక్కు మాయమాయెను.

"పడ్డది," అని బీరన్న. "పోయింది. పడ్డది. పోయింది. అగో, మళ్ళ పోయింది."

వణుకు జతలుగానే దెబ్బలు వేయుచుండెను. జత దెబ్బలకు టిక్కు నిలువదు. షరీఫ్ కండ్లు మూసుకొనెను. ఖాదర్‌బీ నుదుటి నుండి చెమట మీటల మీదికి జారెను. అప్పుడామె పిడికిలి బిగించి, మోచేతి వరకు బరువంతయు దింపి, ఆ మీటను నొక్కి, తీయక, అట్లే పట్టెను. పిడికిలి లోపల వణుకు వణకుచునే యుండెను. భుజము అదరెను, కుర్చీ కిర్రుమనెను, మీట పైకి లేచిన గాని టిక్కు పడదు గనుక తెర మీద ఏమియు కాలేదు. మీట మాత్రము క్రిందనే యుండెను. బీరన్న సైతము నోరు మూసెను. అటుపిమ్మట ఆమె, పొయ్యి మీది వేడి గిన్నెను వదలినట్లు, చేతిని ఒక్క వూపున పైకి లేపెను.

గడిలో టిక్కు పడెను. నిలిచెను.

మిగిలిన ఆఖరి మీటను కూడ అట్లే నొక్కి, అట్లే లేపెను. "మీ సీటు నమోదైనది. ముందు సీటు, నంబరు ఒకటి" అని పేజీ తలవంచి పలికెను.

"పడ్డది," అని బీరన్న, ఈమారు మెల్లగా.

అమరేందర్ గొంతు సవరించుకొనెను. "అక్కా, ఒక్క మాట. ఇది ట్రయల్ పేజీ. బస్సు ఇంకా రాలే."

"ఎప్పుడొస్తది?"

"కంపెనీ ఇంకా కొననే లేదు."

"కొన్నంక చెప్పు. సీటైతె నాదే కద."

చాయ్ తెప్పించిరి. షరీఫ్ తొడల క్రింది నుండి చేతులు తీసెను గాని అవి మొద్దుబారి, తిమ్మిరెక్కి, గ్లాసును పట్టజాలక గజగజ వణకెను. చాయ్ సగము అంగీ మీద పడెను. ఖాదర్‌బీ చూచి, కండ్ల నీళ్ళు వచ్చునంత నవ్వెను. అమరేందర్ గ్లాసు పట్టి అతనికి తాగింపవలసి వచ్చెను. రెండు గుటకలు మింగి, అక్క ముఖము చూడక, రోడ్డు వైపు చూచుచు షరీఫ్ అనెను: "సోమవారం పోత ఆపా."

కొంతసేపు ఆమె కూడ రోడ్డు వైపే చూచెను.

"మరి పేజీ పాసయినట్టేనా అక్కా?" అని అమరేందర్ ఆశతో అడిగెను.

"నేను పాసయిన. నీ పేజీ ఫెయిలు. గడి పెంచుకోని, ఆ రద్దును దూరం జరుపుకోని మళ్ళ రా. చాయ్ నేనే పోయిస్త."

ఇట్లు, నార్కట్‌పల్లి కూడలీశ్వరియు, కంపితహస్తయు, అకంపితజిహ్వయు నగు ఖాదర్‌బీ, ఇంకను పుట్టని బస్సులో, ఒకటవ నంబరు సీటును, స్వహస్తమున గెలిచెను. దిక్కులు దద్దరిల్లలేదు, పూలవాన కురియలేదు. విజయవార్తను బీరన్న గొర్రెల వెంట తిరుమలగిరి దాక మోసికొని పోయెను. హైదరాబాదునకు మరలిన అమరేందర్, మరునాడే కంపెనీవారితో కొట్లాడి, ఆవగింజంత గడిని కందిగింజంత చేసెను.