హిచ్ ర్యాకు ఎంపిక వల్ల కలిగే మేళ్ళు

కారు వెనక సైకిళ్ళు తగిలించుకునే ర్యాకుల్లో ఇన్ని వందల రకాలు దేనికని విసుక్కునేవాళ్ళంటే నాకు జాలి. ఇన్ని రకాలు ఉండబట్టే ఎన్నో సంసారాలు సవ్యంగా సాగుతున్నాయి. ఒకటే రకం ఉంటే ఏమయ్యేది? కొనేవారు, బిగించేవారు, ఆ ఆదివారమే కొండకి బయల్దేరేవారు. ఇక మనిషికి ఊపిరి తిప్పుకునే వ్యవధి ఎక్కడిది?

నమ్మనివారి కోసం ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను.

ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పెద్ద భవనాల్లో లిఫ్టుని పైకీ కిందకీ తిప్పించి, తాళ్ళు చూసి, బ్రేకులు చూసి, ఇందులో మనుషులు ఎక్కవచ్చని సంతకం పెట్టే ఉద్యోగం. ఏది చూసినా “ఇంకోసారి చూద్దాం” అనడం అలవాటు. అందుకని ఆఫీసులో అందరూ ఆయన్ని ఇంకోసారి గారు అంటారు. ఎదురుగానే అంటారు. అందులో తప్పేమిటో ఆయనకి తట్టలేదు, ఇంకోసారి ఆలోచించినా.

భార్య పళ్ళ డాక్టరు. ఇద్దరు పిల్లలు. పెద్దది పన్నెండేళ్ళ అమ్మాయి, చిన్నాడు రెండో తరగతి. ఒక సాయంత్రం ఇంకోసారి గారు ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో సోఫా వెనక నాలుగు కొత్త మౌంటెన్ బైకులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒకటి.

“పిల్లలు ఫోన్లలోంచి తలెత్తడం లేదు. మీరూ అంతే, నేనూ అంతే. ఇకమీదట ఆదివారాలు కొండకి పోదాం,” అంది భార్య.

ఆ కొండ ఊరికి గంట దూరం. చుట్టూ చెట్ల మధ్య సైకిలు బాటలున్నాయి. అయితే అక్కడిదాకా రోడ్డంతా లారీలే కాబట్టి మనల్ని మోయాల్సిన సైకిళ్ళని ముందు కారు మోయాలి. కారు వెనక బంపరు కింద చదరపు గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని హిచ్ అంటారు. ర్యాకుని అందులో దూర్చి బిగిస్తే సైకిళ్ళన్నీ కారు వెనకాల బుద్ధిగా నిలబడి వస్తాయి.

“ర్యాకు సంగతి నాకొదిలెయ్,” అన్నారు ఇంకోసారి గారు. ఇంటిపనుల్లో ఆయన అంత ఉత్సాహం చూపించడం చూసి భార్యకి ముచ్చటేసింది.

ఇక్కడి నుంచి మేళ్ళు మొదలయ్యాయి. మొదటిది జ్ఞానం.

వేలాడదీసే రకం చవకే గానీ, అందులో సైకిళ్ళు ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన అన్నదమ్ముల్లా దారిపొడవునా మోచేతులతో పొడుచుకుంటాయి. చక్రాలని నిలబెట్టే పీట రకం బాగుంటుంది గానీ, దాన్ని ఎత్తాలంటే బలమైన బావమరిది ఒకడు ఉండాలి. మడత పడే ర్యాకుకి మడత దగ్గర వదులు. మడత పడని ర్యాకుకి పార్కింగులో పక్కవాళ్ళ మోకాళ్ళు తగులుతాయి. డిక్కీ తెరవాలంటే పక్కకి తిరిగే చెయ్యి ఉన్న ర్యాకు కొనాలి. పక్కకి తిరగడం వచ్చిన చెయ్యి నడిరోడ్డు మీద తిరగదని ఏమిటి నమ్మకం?

రివ్యూలు చదివారు. ఒకాయన అయిదు స్టార్లూ ఇచ్చి, ఇంకా పెట్టె విప్పలేదని రాశాడు. ఇంకొకాయన ర్యాకు అద్భుతమంటూనే, తెచ్చినవాడు బెల్లు గట్టిగా కొట్టాడని ఒక్క స్టారు ఇచ్చాడు. ఇంకోసారి గారు ఇద్దరి మాటనీ సమానంగా గౌరవించారు.

తరవాత వీడియోలు. వాటిలో ఒక గడ్డమాయన ర్యాకుకి సైకిళ్ళు తగిలించి గంటసేపు ఊపుతాడు. వాటిని భోజనాల దగ్గర కూడా పెట్టుకుని చూసేవారు.

“నాన్నా, ఆయన సైకిలెప్పుడు ఎక్కుతాడు?” అన్నాడు చిన్నాడు.

“ఎక్కడు.”

“మరి?”

“ఊపుతాడు.”

చిన్నాడు కాసేపు చూసి, తన పళ్ళెం తీసుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయాడు.

రెండో మేలు వ్యాయామం. ర్యాకు ఎంత బరువు మోయాలో తెలియాలి కదా? ఇంకోసారి గారు సైకిలు ఎత్తుకుని బరువు తూచే మిషను మీద నిలబడి, మొత్తంలోంచి తన బరువు తీసేసేవారు. కొన్ని వారాలకి మళ్ళీ తూచి, సైకిలు బరువు పెరిగిందని కంగారుపడ్డారు. పెరిగింది సైకిలు కాదు, ఆయనేనని భార్య చెప్పాల్సి వచ్చింది.

మూడోది కుటుంబ ఐకమత్యం. ఆ ఇంట్లో తల్లీ పిల్లలూ ఏ విషయంలోనూ ఒక్క మాట మీద ఉండేవారు కాదు. ర్యాకు పుణ్యమా అని ఆయనకి వ్యతిరేకంగా ముగ్గురూ ఏకమయ్యారు.

సైకిళ్ళకి కలిగిన మేలు చెప్పనే అక్కర్లేదు. బురద లేదు, గీత లేదు. తల్లీ పిల్లలవి మాత్రం అపార్ట్‌మెంటు ఆవరణలో సాయంత్రాలు కాస్త తిరిగాయి. ఇంకోసారి గారి సైకిలు సీటుకి ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. దాని హ్యాండిలు మీద తువ్వాళ్ళు ఆరేసేవారు. బాగా ఆరేవి.

ఒకసారి ఒత్తిడి తట్టుకోలేక ఒక ర్యాకు కొన్నారు కూడా. నాలుగు సైకిళ్ళూ ఎక్కించి, ఆవరణలో స్పీడు బ్రేకరు మీద నుంచి కారు పోనిచ్చి, దిగి చూశారు. బొటనవేలంత ఊగింది. సాయంత్రానికల్లా వాపసు ఇచ్చేశారు.

“లిఫ్టులు ఊగవా?” అంది భార్య.

“ఊగితే సంతకం పెట్టను.”

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. ఇంత ప్రశాంతంగా సాగుతున్న కాపురంలో ఒక శనివారం ఆవిడ చిచ్చు పెట్టింది. క్లినిక్ మూసేసి, పెద్దదాన్ని వెంటబెట్టుకుని ర్యాకుల కొట్టుకి వెళ్ళింది. కారు ఏదని అడిగారు, సైకిళ్ళు ఎన్నని అడిగారు, చక్రం ఎంతని అడిగారు. చెప్పింది. కొట్టాయన ఒకటి చూపించాడు. “బిగించండి,” అంది.

చూశారా? ఏళ్ళ తరబడి జనం పోగుచేసిన జ్ఞానాన్ని ఒక్క మాటతో కాలరాసింది.

కారు తెచ్చి సెల్లారులో పెట్టి భర్తని కిందకి పిలిచింది. “రేపు వెళ్తున్నాం,” అంది.

ఇంకోసారి గారు ర్యాకు చుట్టూ తిరిగారు. బోల్టులు చూశారు. పట్టీలు లాగారు. వంగి, దాని కింద పడుకుని చూశారు. లేచి రెండు చేతులతో పట్టుకుని వేలాడారు. ర్యాకులో ఏ లోపమూ లేదు. లోపం లేని వస్తువు ముందు అంత దిగాలుగా నిలబడిన మనిషిని మీరు చూసి ఉండరు.

“ఇంకోసారి చూద్దామా?” అన్నారు.

ఆవిడ కారుకి ఆనుకుని నిలబడింది. “నా దగ్గరికి ఒక రకం పేషెంట్లు వస్తుంటారండీ. కుర్చీ ఎంతవరకు వాలుతుంది, లైటు ఏ కంపెనీది, ఆ నీళ్ళెక్కణ్ణించి వస్తాయి, అన్నీ అడుగుతారు. నోరు మాత్రం తెరవరు. మీకెక్కడ నొప్పో చెప్పండి.”

ఆయన వంగి కారు టైరు నొక్కి చూశారు.

“నాకు రాదు.”

“ఏం రాదు?”

“సైకిలు.”

అదీ సంగతి. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్నది ఒకటే సైకిలు. దాన్ని అన్నయ్య తొక్కేవాడు, ఈయన వెనక కూర్చునేవారు. కాళ్ళు చక్రంలో పడకుండా ఎడంగా పెట్టడం, మలుపు దగ్గర ఒరగడం, ఎత్తు రాగానే చెప్పకుండానే దిగిపోవడం, అన్నిట్లోనూ ఆరితేరారు. తన వంతు వచ్చేసరికి అన్నయ్యకి ఉద్యోగం వచ్చి సైకిలు ఆయనతోపాటు వెళ్ళిపోయింది. ఆ తరవాత మీసాలు వచ్చాయి. మీసాలొచ్చినవాడు సైకిలు నేర్పమని ఎవర్ని అడుగుతాడు?

భార్య నవ్వలేదు. నోరు తెరిచినవాళ్ళని చూసి నవ్వకూడదన్నది వాళ్ళ వృత్తిధర్మం.

“పెళ్ళై ఇన్నేళ్ళైంది. ఒక్కసారైనా చెప్పలేదేం?”

“నువ్వడగలేదు.”

“సైకిలొచ్చా అని మొగుణ్ణి అడుగుతారుటండీ ఎవరైనా?”

“అందుకే చెప్పలేదు.”

అప్పుడు కారు వెనక తలుపు తెరుచుకుంది. పెద్దది చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీస్తూ దిగింది. అందులో పాట ఆగిపోయి చాలాసేపైందని దాని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“నేను నేర్పిస్తా,” అంది. “చిన్నాడికి చెప్పను.”

మర్నాడు కొండ ప్రయాణం ఆగింది. మధ్యాహ్నం కార్లు బయటికి పోయి సెల్లారు ఖాళీ అయ్యాక తండ్రీ కూతురూ సైకిలు దించారు. సీటు మీద ప్లాస్టిక్ కవరు పెద్దదే పీకి పారేసింది. ఆయన ఎక్కి కూర్చున్నారు. అది వెనక నుంచి సీటు పట్టుకుంది.

“కిందకి చూడకు నాన్నా. ఎదురుగా చూడు. తొక్కు.”

రెండు తొక్కులు తొక్కగానే ఆయన, “పట్టుకున్నావా?” అని వెనక్కి తిరిగి చూశారు. పడ్డారు. మళ్ళీ ఎక్కారు. మళ్ళీ తిరిగి చూశారు. మళ్ళీ పడ్డారు. తనిఖీ చేసే ఉద్యోగం మరి, అడిగి ఊరుకుంటే ఎలా? కళ్ళతో చూడాలి.

ఆయన నేల మీద ఉండగా లిఫ్టు తలుపులు తెరుచుకుని పై అంతస్తు ఆయన బయటికొచ్చాడు.

“ఏం సార్, చెకింగా?”

“చెకింగే,” అన్నారు ఇంకోసారి గారు, పడుకునే.

ఆయన వెళ్ళిపోయాక పెద్దది వచ్చి తండ్రి పక్కన గొంతుక్కూర్చుంది. “నాన్నా, ఒకటి చెప్తాను, కోప్పడకు. నేను పట్టుకోవట్లేదు.”

“ఎప్పటినుంచి?”

“మొదట్నుంచీ. ఊరికే చెయ్యి ఆనించానంతే. నీ బరువు నేనాపగలనా? నువ్వే చెప్పు, నీకు లెక్కలొచ్చుగా.”

ఇంకోసారి గారు మనసులో లెక్క వేసుకున్నారు. తన బరువు, సైకిలు బరువు, కూతురి బరువు. పిల్ల చెప్పింది నిజం. ఆపే తాడేదీ అక్కడ లేదు. అంటే ఇంతసేపూ ఆ రెండేసి తొక్కులూ తన సొంతంగానే తొక్కినట్టు. చూసుకోవడానికి వెనకాల ఏమీ లేదని తేలాక, వెనక్కి తిరగాల్సిన పనీ లేకపోయింది.

ఈసారి సైకిలు బొటనవేలంత కాదు, మూరెడు ఊగింది. లిఫ్టయితే అక్కడికక్కడే మూయించేవారు. అయినా ఆయన దిగలేదు. ఒక స్తంభం దాటింది, ఇంకో స్తంభం దాటింది. ముఖానికి గాలి తగిలింది. ఇంతకాలం అన్నయ్య వీపు అడ్డం ఉండటం వల్ల ఆ గాలి ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు. బ్రేకుల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి, బ్రేకు వెయ్యడం మరిచిపోయి గోడకి తగిలి ఆగారు. మోచెయ్యి గీసుకుపోయింది. పైకి వెళ్తే భార్య మందు రాసి కట్టు కట్టింది. ఎలా తగిలిందని చిన్నాడు అడిగితే, “తొక్కుతుంటే,” అన్నారు, కాస్త గొప్పగా.

పై ఆదివారం కొండకి వెళ్ళారు. ర్యాకు నాలుగు సైకిళ్ళనీ మోసింది. దాని గురించి దారిలో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. తల్లీ పిల్లలూ చెట్ల మధ్య బాట మీద ముందుకి వెళ్ళిపోయారు. ఇంకోసారి గారు చదునుగా ఉన్నచోట తొక్కుతూ, ఎత్తు వచ్చినచోట దిగి నడిపిస్తూ తన మానాన తాను తిరిగి, నీళ్ళ సీసా కోసం కారు దగ్గరికి వచ్చారు.

పక్కనే ఒక పెద్ద కారు. దాని వెనక ర్యాకు. ఇంకోసారి గారు నీళ్ళ సీసా సంగతి మరిచి దాని దగ్గరికి వెళ్ళారు. వందల రకాల్లో ఏ రకమూ కాదది, అన్నిటి మంచీ ఒక్కచోట పోసినట్టుంది. దాని ముందు ఒక నడివయసాయన మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ బిగిస్తున్నాడు. ఒక సైకిలు ఇంకా ర్యాకు మీదే ఉంది.

“మావాళ్ళు లోపలికి వెళ్ళారండీ,” అన్నాడాయన, అడక్కుండానే. “ఇది కొంచెం వదులుగా ఉన్నట్టుంది. సరిచేసుకుని వెళ్దామని.”

ఇంకోసారి గారు పట్టీ వైపు చూశారు. వదులు లేదు. సీటు వైపు చూశారు. ప్లాస్టిక్ కవరు ఉంది.

“మీకు సైకిలొచ్చాండీ?” అని మెల్లిగా అడిగారు.

ఆయన చేతులు ఆగిపోయాయి. అటూ ఇటూ చూశాడు.

“రాదండీ,” అన్నాడు. “ఇన్నాళ్ళకి మీరడిగారు.”

కాబట్టి పాఠకులారా, ర్యాకుల్లో రకాలు తగ్గించమని మాత్రం ఎవరూ కోరకండి. కారు ఏది, సైకిళ్ళెన్ని, చక్రమెంత అని కొట్టువాళ్ళు మనల్ని అడిగే ప్రశ్నలకి అంతులేదు. వాటన్నిటికీ జవాబులు చెప్పుకుంటూ ఒక మనిషి హాయిగా ముసలివాడైపోవచ్చు. వచ్చా రాదా అని అడిగేవాడు ఎప్పుడోగానీ తగలడు.

ఆ పెద్ద కారాయన మూడేళ్ళు వెతికి కొన్నాడట ఆ ర్యాకుని. దాన్ని అలాగే వదిలేసి, పైనున్న సైకిలు దించుకుని, ఇద్దరూ దాన్ని చెరోవైపు పట్టుకుని ఎవరూ లేని కార్ల వెనక్కి నడిపించుకుంటూ వెళ్ళారు.